రెండు కిలోల రెజిన్ వద్దు, ముందు తడి అంచు చూడండి: భీమిలి ఒడ్డు డయోరమా

కడప నుంచి మీరు అడిగింది ఇదీ: 45 బై 30 సెం.మీ. పలక మీద 1/72 స్కేల్లో, అంటే నిజం కొలతలో 72వ వంతుగా, భీమిలి ఒడ్డు డయోరమా (ఒక దృశ్యాన్ని చిన్నగా కట్టి చూపే మోడల్) చేయాలనుకుంటున్నారు. బండరాళ్లు, రెండు పడవలు, లైట్‌హౌసు, వెనక కొబ్బరి తోపు అన్నీ అందులోనే రావాలి. సముద్రం కోసం రెండు కిలోల ఎపాక్సీ రెజిన్ (పోశాక గాజులా గట్టిపడే ద్రవం) ఆర్డర్ పెట్టబోతున్నారు, అది సరిపోతుందా లేదా అని టెన్షన్. రాళ్లకు కడప బండ ముక్కలు వాడొచ్చా అని ఇంకో ప్రశ్న. ఇదే మీ మొదటి డయోరమా.

ఆర్డర్ ఇంకా పెట్టకపోతే ఆపండి. సరిపోదని కాదు, మీ పనికి అందులో పదో వంతు కూడా అక్కర్లేదు. నేను అనంతపురంలో ఉండి చాలా ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను, ఎక్కువగా మన తూర్పు తీరం మోడళ్లే. కొత్తగా మొదలుపెట్టే వాళ్లందరూ డబ్బు, శ్రద్ధ రెండూ లోతు నీళ్ల మీద పెడతారు. చూసేవాళ్ల కన్ను మాత్రం అక్కడ ఆగదు. అల పైకి పాకి వెనక్కి పోయే ఆ కొద్ది మీటర్ల తడి ఇసుక ఉంది చూడండి, నేను దాన్ని తడి అంచు అంటాను, కన్ను ఆగేది అక్కడ. అది నిజంలా ఉంటే మిగతాది కాస్త తగ్గినా సముద్రమే అనిపిస్తుంది, అది తప్పితే ఎంత ఖరీదైన రెజిన్ పోసినా బల్ల మీద గాజు పలక పెట్టినట్టే కనిపిస్తుంది. అందుకని ఈ జవాబు మొత్తం ఆ అంచు చుట్టూనే ఉంటుంది.

ముందు అంత రెజిన్ ఎందుకు అక్కర్లేదన్నానో చెప్తాను. మీరు చూసిన వీడియోల్లో నీళ్లు పచ్చలరాయి రంగులో, అడుగు కనిపించేంత తేటగా ఉంటాయి. అవి పగడపు దిబ్బల మధ్య ఉండే దీవుల నీళ్లు. మన బంగాళాఖాతం ఒడ్డు అలా ఉండదు. గోదావరి, కృష్ణ, పెన్న, వంశధార, నాగావళి అన్నీ ఇటే వచ్చి బురద తెచ్చి పోస్తాయి, భీమిలిలో అయితే ఊరి పక్కనే గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. దానికి తోడు అలలు అడుగు ఇసుకను ఎప్పుడూ కలియబెడుతూ ఉంటాయి. అందుకే ఒడ్డు దగ్గర నీళ్లు మట్టి కలిసిన ఆకుపచ్చగా, కాస్త లోపలికి బూడిద రంగు కలిసిన పచ్చగా, ఇంకా దూరంలో నీలంగా కనిపిస్తాయి. అడుగు కనిపించని నీళ్లకు పారదర్శకమైన పదార్థం రెండు అంగుళాల మందం పోసి ఏం లాభం? ఇలాంటి నీళ్లను రంగుతో, పైన మెరుపుతో చేయాలి. రెజిన్ కావాల్సిన చోటు ఒకటి ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇక లెక్కలు. ఇవి విసుగనిపిస్తాయి కానీ డయోరమా నిలబడేదీ పడిపోయేదీ ఇక్కడే. 1/72లో 45 సెం.మీ. అంటే నిజంలో 32 మీటర్లు, 30 సెం.మీ. అంటే 21 మీటర్ల పైచిలుకు. అంతే. అంత చిన్న నేలలో ఒడ్డు, బండలు, పడవలు, లైట్‌హౌసు, తోపు అన్నీ పట్టవు. 20 మీటర్ల కట్టడం ఏదైనా ఈ స్కేల్లో 28 సెం.మీ. ఎత్తు వస్తుంది, దాని ముందు మీ సముద్రం పెరటి గుంటలా కనిపిస్తుంది. లైట్‌హౌసు మీద అంత మనసుంటే వెనక పలక మీద చిన్నగా దూరపు బొమ్మలా గీయండి, లేదా 1/150 స్కేలుకు వెళ్లండి, అప్పుడు అదే పలకలో 67 మీటర్ల ఒడ్డు దొరుకుతుంది, మనిషి మాత్రం 11 మి.మీ.కి తగ్గిపోతాడు. మొదటిదానికి నేనైతే 1/72లోనే ఉండి లైట్‌హౌసు వదిలేయమంటాను. పెద్ద చెట్లు కూడా అంతే. ఎదిగిన నాటు కొబ్బరి చెట్టు 20 మీటర్ల దాకా పోతుంది, దాన్ని నిజం కొలతల్లో పెడితే లైట్‌హౌసు సమస్యే మళ్లీ వస్తుంది. అంచులో ఒకటో రెండో లేత చెట్లు చాలు.

అల ఎత్తు లెక్క ఇంకా ముఖ్యం. ఒక మీటరు అల మీ స్కేల్లో 14 మి.మీ. చాలామంది మూడు నాలుగు సెంటీమీటర్ల అలలు కడతారు, అంటే నిజంలో రెండు మూడు మీటర్లు, అలాంటి రోజు ఏ పడవా ఒడ్డున ప్రశాంతంగా ఉండదు. పైగా అల ఎక్కడ పడితే అక్కడ విరగదు. నీటి లోతు అల ఎత్తుకు సుమారు 1.3 రెట్లకు తగ్గినప్పుడు విరుగుతుంది. ఒడ్డు వాలు ఇరవైకి ఒకటి అనుకోండి, మీటరు అల ఒడ్డుకు 26 మీటర్ల దూరంలో విరుగుతుంది, మీ పలక మీద అది 36 సెం.మీ. అంటే దాదాపు పలక మొత్తం! అరమీటరు అల తీసుకుంటే 13 మీటర్ల దూరం, మీకు 18 సెం.మీ. ఎత్తు 7 మి.మీ. ఇది మీ పలకకు చక్కగా సరిపోతుంది. కాబట్టి 45 సెం.మీ. వైపు నేల నుంచి సముద్రానికి పోయేలా పెట్టుకోండి: సుమారు 15 పొడి ఇసుక, 10 తడి అంచు, మిగతా 20 నీళ్లు. ఒడ్డు గీత పలక అంచుకు సమాంతరంగా కాకుండా కొంచెం ఏటవాలుగా పోనివ్వండి, లేకపోతే చూడటానికి బల్లకు రంగు వేసినట్టు ఉంటుంది. ఇరవైకి ఒకటి వాలు అంటే 30 సెం.మీ.లో ఒకటిన్నర సెం.మీ. మాత్రమే దిగుడు. కళ్లకు చాలా తక్కువ అనిపిస్తుంది, చేతులు ఇంకా చెక్కమంటాయి, చెక్కకండి.

పలక ముట్టుకోకముందే ఒకసారి సముద్రం దగ్గరికి వెళ్లి రండి. మన సీమ వాళ్లకు సముద్రం అంటే ఫోటోల్లో చూసిందో, ఎప్పుడో తిరునాళ్లకో పెళ్లికో వెళ్లినప్పుడు చూసిందో, ఆ జ్ఞాపకంతో మోడల్ చేస్తే అందరి సముద్రం ఒకేలా వస్తుంది. మీకు దగ్గరలో నెల్లూరు పక్కన మైపాడు ఉంది. భీమిలి కాదు కదా అంటారేమో. బండలు ఉండవు, నిజమే, అది చదునైన ఇసుక తీరం. కానీ తడి అంచు నేర్చుకోవడానికి అది చాలు. ఒక మీటరు కర్ర మీద పది సెంటీమీటర్లకు ఒక గీత గీసుకుని ఇసుకలో గుచ్చి ఫోటోలు తీయండి, తర్వాత ప్రతి కొలతా ఆ ఫోటో నుంచే దొరుకుతుంది. నిలబడి తీసినవి కొన్ని, మోకాళ్ల మీద కూర్చుని తీసినవి కొన్ని. ఒకే అల మొదటి నుంచి చివరి దాకా స్లో మోషన్ వీడియో తీసుకోండి. అల విరగడం కన్నా విరిగాక వెనక మిగిలే నురుగు వల ఎలా సాగుతుందో, ఎలా చిరుగుతుందో చూడండి. నీళ్లు వెనక్కి పోయాక ఇసుక ఎంతసేపు అద్దంలా మెరుస్తుందో, మెరుపు పోయి నల్లగా ఎంతసేపు ఉంటుందో గమనించండి. భీమిలి బండల ఫోటోలు మాత్రం నెట్‌లో వెతికి, ఒకే చోటును వేర్వేరు పోటు సమయాల్లో తీసినవి ఎంచుకోండి.

ఏ నెల, ఏ పూట అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. పడవల సంఖ్య, వలల చోటు, వెలుతురు అన్నీ దాన్ని బట్టే ఉంటాయి. నా సలహా మే నెల సాయంత్రం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఉంటుంది, మోటారు బోట్లు ఒడ్డుకు లాగి పెట్టి ఉంటాయి, వలలు బాగుచేసుకునేది అప్పుడే. మీకు కావాల్సిన రెండు పడవలు ఇసుక మీద ఎందుకున్నాయో ఎవరికీ చెప్పాల్సిన పని ఉండదు. ఇంకో లాభం: మన తీరం తూర్పు వైపు చూస్తుంది కాబట్టి సాయంత్రం వెలుగు నేల వైపు నుంచి వస్తుంది, పడవల నీడలు సముద్రం వైపు పడతాయి. డయోరమాకు ఎల్‌ఈడీ లైటు పెడితే నేల వైపు నుంచి పెట్టండి. సముద్రం మీద సూర్యుడు అస్తమిస్తున్నట్టు వెలుతురు ఇచ్చిన భీమిలిని చూస్తే ఆ ఊరి వాళ్లు ఒక్క క్షణంలో పట్టేస్తారు.

అడుగుకు 12 మి.మీ. ప్లైవుడ్ తీసుకుని రెండు వైపులా ప్రైమర్ కొట్టండి, ఒక వైపే కొడితే వంగుతుంది. దాని మీద ఫోమ్. టీవీ పెట్టెల్లో వచ్చే పూసల తెల్ల థర్మకోల్ చెక్కితే పూసలు రాలి ఇల్లంతా ఎగురుతాయి, పైకప్పు వేడి ఆపడానికి వేసే గట్టి ఎక్స్‌పీఎస్ షీటు దొరికితే అది చాలా నయం, బిల్డింగ్ మెటీరియల్ అమ్మే చోట విరిగిన ముక్కలు అడగండి. అంటించడానికి తెల్ల ఫెవికాల్ మాత్రమే. రబ్బరు జిగురు, ఫెవిక్విక్, స్ప్రే పెయింట్ ఇవన్నీ థర్మకోల్‌ను తినేస్తాయి. పాలిస్టర్ రెజిన్ కూడా అంతే, అందులో ఉండే స్టైరీన్ థర్మకోల్‌ను కరిగిస్తుంది, ఎపాక్సీ కరిగించదు. కొనేటప్పుడు ఈ రెండూ కలగాపులగం చేసుకోకండి. ఫోమ్ మీద పల్చగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ గానీ వాల్ పుట్టీ గానీ పూయండి, ఆరాక గీకుడు కాగితంతో నునుపు చేయండి.

ఇప్పుడు మీ కడప బండ ప్రశ్న. రాళ్లకు వద్దు. మన నల్ల బండ సున్నపురాయి, పొరలు పొరలుగా ఏర్పడింది, అందుకే పలకలుగా చీలుతుంది, అందుకే ఇళ్లలో పరుచుకుంటాం. ఎంత చిన్న ముక్క చేసినా అంచులు తిన్నగా, పై భాగం చదునుగానే ఉంటుంది. విశాఖ, భీమిలి తీరంలో ఉండేది వేరే రాయి, ఖొండలైట్ లాంటి తూర్పు కనుమల రాళ్లు. అవి గాలికీ ఉప్పునీటికీ అరిగి గుండ్రంగా, అక్కడక్కడా గుంటలు పడి, తుప్పు కలిసిన గోధుమ రంగుకు తిరుగుతాయి. కడప బండ ముక్కలు అక్కడ పెడితే ఎందుకో తెలియకపోయినా ఏదో తేడాగా ఉందని చూసేవాళ్లకు అనిపిస్తుంది. ఫోమ్‌నే గుండ్రంగా చెక్కి, నలిపిన అల్యూమినియం ఫాయిల్ ఉండతో అన్ని వైపులా నొక్కండి, సహజమైన గరుకు వస్తుంది. ఆపైన పల్చటి ప్లాస్టర్. రంగు వేసేటప్పుడు ముందు లేత గోధుమ, దాని మీద నీళ్లలా పల్చగా చేసిన నలుపు గోధుమ వాష్, పగుళ్లలోకి దిగి ఆరాక లేత రంగుతో డ్రై బ్రష్, అంటే రంగు దాదాపు తుడిచేసిన బ్రష్‌తో పైపైన రుద్దడం.

బండల మీద కూడా తడి అంచు ఉంటుంది, దాన్ని చాలామంది మర్చిపోతారు. విశాఖ తీరంలో పెద్ద పోటుకూ ఆటుకూ తేడా ఒకటిన్నర మీటరు లోపే, మీ స్కేల్లో రెండు సెం.మీ. లోపు. ఆ రెండు సెంటీమీటర్లలోనే రాయి రంగు మారాలి: అడుగున నాచు పచ్చ, దాని పైన రాతికి అంటుకుని పెరిగే గుల్లల మాసిన తెలుపు చుక్కలు, ఆపైన చిమ్మిన తడితో ముదురు రంగు, చివరికి ఎండలో వెలిసిన పొడి రాయి. గుల్లల కోసం దంతాలు తోమే పాత బ్రష్‌తో తెలుపు బూడిద రంగు చిలకరించండి. ఆ పట్టీ అన్ని బండల మీదా ఒకే మట్టంలో ఉండాలి, ఎందుకంటే నీటి మట్టం అందరికీ ఒకటే.

మన బండ పనికిరాదా అంటే వస్తుంది, పొడి రూపంలో. ఇసుక విషయంలో అందరూ చేసే పని నిజం సముద్రపు ఇసుక తెచ్చి చల్లడం. ఒక ఇసుక రేణువు 0.3 మి.మీ. ఉన్నా 1/72లో అది రెండు సెంటీమీటర్ల గులకరాయితో సమానం. పైగా అందులో ఉప్పు ఉంటుంది, సరిగ్గా కడగకపోతే వానాకాలంలో చెమ్మ లాగి తెల్లగా పైకి తేలుతుంది. బండలు కోసే, పాలిష్ పట్టే యూనిట్ల దగ్గర ఆరిన బురద పొడి దొరుకుతుంది, తాడిపత్రి, బేతంచర్ల, మీ కడప చుట్టుపక్కల ఎక్కడైనా. అడిగితే ఉచితంగానే ఇస్తారు. నల్ల బండ పొడి బూడిద రంగులో వస్తుంది, బేతంచర్ల పొడి లేతగా ఉంటుంది, రెండూ కలిపి కొంచెం పసుపు మట్టి రంగు చేర్చితే భీమిలి ఇసుకకు దగ్గరగా వస్తుంది. పాత వాయిల్ చీర ముక్కలో జల్లించండి. మాస్క్ లేకుండా మాత్రం ఈ పని చేయకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల ఛాయ ఒక మూల చూపాలనుకుంటే మన చేల ఎర్రమన్ను జల్లించి, పెనం మీద బాగా వేడి చేసి వాడండి, పురుగులు గింజలు ఉంటే చస్తాయి. జిగురు తగిలాక మట్టి రెండు ఛాయలు ముదురుతుంది, అది లెక్కలో పెట్టుకోండి.

అంటించడం సులువు. ముందు ఫెవికాల్ పల్చగా పూసి పొడి చల్లి, ఆరాక ఒక పాలు ఫెవికాల్ మూడు పాళ్లు నీళ్లు, అంట్లు తోమే లిక్విడ్ ఒక చుక్క కలిపి సిరంజితో చుక్కలుగా వదలండి. ఆ చుక్క సబ్బు లేకపోతే నీళ్లు పొడి మీద ముత్యాల్లా నిలబడి గుంటలు చేస్తాయి.

ఇక అసలు పని. పొడి ఇసుక నుంచి నీళ్ల దాకా ఐదు పట్టీలు వస్తాయి. పైన పూర్తిగా పొడి ఇసుక, గాలికి చిన్న చిన్న మడతలతో, మనుషుల కాళ్ల గుర్తులతో. దాని కింద నిన్నటి పెద్ద అల ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే చెత్త గీత: ఎండిన నాచు, పుల్లలు, గుల్లలు, వల ముక్కలు, ఈ రోజుల్లో ప్లాస్టిక్ కూడా. తర్వాత తడిసి మెరుపు ఆరిన ముదురు ఇసుక. తర్వాత ఇప్పుడే అల వెళ్లిపోయిన మెరిసే ఇసుక. చివరికి నురుగు అంచు ఉన్న పల్చటి నీటి పొర. ఈ ఐదింటి మధ్య గీతలు తిన్నగా ఉండకూడదు, అల నాలుకలు నాలుకలుగా పైకి వస్తుంది కాబట్టి వంకరలు, ఒకదాని మీద ఒకటి ఎక్కిన వంపులు ఉండాలి. భీమిలి, విశాఖ ఒడ్డు ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్ లాంటి బరువైన ఖనిజాలు ఉంటాయి. నీళ్లు తేలిక ఇసుకను లాక్కెళ్లి వీటిని వదిలేస్తాయి, అందుకే తడి ఇసుకలో నల్లటి, అక్కడక్కడా మెరూన్ రంగు చారలు కనిపిస్తాయి. పెన్సిల్ ముల్లు గీకిన పొడిని మెత్తటి బ్రష్‌తో ఆ వంపుల వెంట అద్దండి. ఇది చేసిన డయోరమాను చూసి విశాఖ నుంచి వచ్చిన స్నేహితుడు ఒకరు, ఎక్కడిదని అడక్కుండానే ఆర్కే బీచ్ పక్కా అన్నాడు.

మెరుపు ఇవ్వడంలోనే అంతా ఉంది. నీళ్ల పొర దగ్గర గ్లాసీ (బాగా మెరిసే) వార్నిష్, మెరిసే ఇసుకకు ఒక్క పూత గ్లాసీ, ఆరుతున్న ఇసుకకు శాటిన్ (సగం మెరుపు), పొడి ఇసుకకు మ్యాట్ (మెరుపు లేనిది). రెండింటి మధ్య గీత కనిపించకుండా అంచులు పల్చగా లాగండి. నేను ఒక సాయంత్రం మొత్తం ఈ ఒక్క పని మీదే కూర్చుంటాను, సముద్రం రంగు మీద కూడా అంత సేపు పెట్టను.

సముద్రం రంగుకు మామూలు కామెల్ ఆక్రిలిక్కులు చాలు. ట్యూబు నుంచి తీసిన నీలం నేరుగా వాడకండి. ఒడ్డు పక్కన ఇసుక రంగులో ఎల్లో ఓకర్, కొంచెం ఆకుపచ్చ. తర్వాత ఆకుపచ్చ పెంచుతూ రా అంబర్ చుక్క. ఇంకా లోపల ప్రష్యన్ బ్లూ, బర్న్ట్ అంబర్ కలిపి దానికి తెలుపు. ఒక రంగులోంచి ఇంకో రంగులోకి తడి ఆరకముందే కలపాలి, కానీ మన ఎండకు ఆక్రిలిక్ బ్రష్ మీదే ఆరిపోతుంది. పళ్లెంలో తడి గుడ్డ పరిచి దాని మీద బటర్ పేపర్ వేసి రంగులు దాని మీద కలపండి, గంటల తరబడి తడిగా ఉంటాయి. ఫ్యాన్ ఆపండి.

అలల కోసం రంగు కన్నా ముందే ఆకారం కట్టుకోవాలి. 7 మి.మీ. అల గట్టును ఫోమ్ పట్టీతో చేసి అంటించి, మొత్తం నీటి భాగం మీద ఒక పొర టిష్యూ పేపర్ పరిచి, సగానికి సగం నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో తడుపుతూ బ్రష్‌తో చిన్న చిన్న ముడతలుగా తోయండి. ముడతలు గాలి వైపుకు కాస్త అడ్డంగా, పెద్ద గట్లు ఒడ్డుకు సమాంతరంగా. పూర్తిగా ఆరడానికి ఒక రోజు ఇవ్వండి. దీని మీద రంగు వేసి నాలుగైదు పూతలు గ్లాసీ వార్నిష్ కొడితే వచ్చే నీళ్లను చూస్తే రెజిన్ గుర్తుకే రాదు, ఖర్చు కూడా చాలా తక్కువ. అల ముందు భాగం, విరగబోయే చోట, ఆక్రిలిక్ గ్లాసీ జెల్‌తో ముందుకు లాగి వంచండి. హార్డ్‌వేర్ షాపులో దొరికే సిలికోన్‌తో చేయమని కొందరు చెప్తారు, చేయడం తేలికే, కానీ దాని మీద రంగు పట్టదు, తర్వాత నురుగు గీయలేక ఇబ్బంది పడతారు.

నురుగుకు దూది వాడకండి, ఉండలు కడుతుంది. దిండులో ఉండే పాలిస్టర్ ఫైబర్ సాగదీసి, దాదాపు కనిపించనంత పల్చగా చేసి, జెల్‌తో అల కొన మీద పెట్టండి. విరిగిన అల వెనక నురుగు వలను చిన్న స్పాంజి ముక్కతో అద్దాలి, గళ్ల మధ్య నీటి రంగు కనిపించాలి. తెలుపు నేరుగా కాకుండా కొంచెం ఇసుక రంగు కలపండి, అసలైన తెలుపు అల కొన మీద మాత్రమే. నురుగు ఎక్కువైతే తుఫాను దృశ్యం అయిపోతుంది.

రెజిన్ కావాల్సిన చోటు ఇది: ఒడ్డు మీద పాకే ఆ పల్చటి నీటి పొర, బండల మధ్య నిలిచిన చిన్న గుంటలు. అక్కడ అడుగు కనిపిస్తుంది కాబట్టి పారదర్శకత పనికొస్తుంది. 30 బై 15 సెం.మీ. చోటుకు 3 మి.మీ. మందం లెక్క కట్టినా 135 మి.లీ., బరువు సుమారు 150 గ్రాములు. మీ రెండు కిలోల ప్రశ్నకు జవాబు ఈ లెక్కే. చిన్న సీసా కొనండి, మిగిలింది దాచుకోవడం కూడా మన వేడికి మంచిది కాదు. పాళ్లు డబ్బా మీద బరువు ప్రకారం ఉంటే బరువే తూచాలి, కొలత గ్లాసు పనికిరాదు, వంటింటి డిజిటల్ కాటా చాలు. పోయకముందు అడుగు మొత్తం వార్నిష్‌తో సీలు చేయండి. ప్లాస్టర్ రంధ్రాల్లో ఉన్న గాలి రాత్రంతా బుడగలుగా పైకి వస్తూనే ఉంటుంది, సీలు లేకపోతే ఏమీ చేయలేరు. పొద్దున పోస్తే గది వేడెక్కే కొద్దీ ఆ గాలి వ్యాకోచించి ఇంకా బయటికి వస్తుంది, సాయంత్రం పోస్తే చల్లబడుతుంది కాబట్టి బుడగలు తగ్గుతాయి. మన పక్క గాలిలో చెమ్మ తక్కువ, అది ఎపాక్సీకి మేలే. కానీ ఏప్రిల్, మే వద్దు. 40 డిగ్రీల గదిలో కలిపిన గిన్నెలోనే అది గట్టిపడటం మొదలవుతుంది, మందంగా ఉంటే కాగి పసుపు తిరిగి పగులుతుంది. డిసెంబరు, జనవరి మంచి కాలం. పోసిన వెంటనే అట్టపెట్టె బోర్లించండి, అనంతపురంలో గాలి, దుమ్ము ఎలా ఉంటాయో నాకు తెలుసు, కడపలో కూడా తక్కువేమీ కాదు. బయటి అంచులకు ఓహెచ్‌పీ షీటు (పారదర్శక ప్లాస్టిక్ షీటు) గోడ కట్టి లోపల ప్యాకింగ్ టేపు అంటిస్తే రెజిన్ దానికి పట్టుకోదు. గ్లౌజులు వేసుకోండి, కిటికీ తెరిచి ఉంచండి.

పడవల గురించి కొంచెమే చెప్తాను. ఇప్పటి ఫైబర్ బోటు తొమ్మిది మీటర్లు అనుకుంటే మీకు 12.5 సెం.మీ., రెండు పెడితే పలక నిండిపోతుంది, కాబట్టి ఒకటి ఫైబర్ బోటు, ఒకటి చిన్న తెప్ప పెట్టండి. తెప్ప దుంగలకు వెదురు పుల్లలు చెక్కి, దారంతో కట్టండి, తాడు కట్లు కనిపించాలి. పాత కాలపు కుట్టు పడవ చేయాలనుకుంటే దాని పలకలు కొబ్బరి పీచు తాడుతో కుట్టినవి, మేకుల గుర్తులు వేయకూడదు. ఇసుక మీద పడవ ఊరికే పెట్టినట్టు ఉండకూడదు, కింద ఇసుక కొంచెం నొక్కుకుని, వెనక లాగిన చార ఉండాలి. వలకు కట్టు కట్టే గాజ్ గుడ్డ తీసుకుని నీలం పచ్చ కలిపిన రంగులో ముంచి, తడిగా ఉండగానే కుప్పగా వేసి ఆరనివ్వండి, పక్కన ఆవగింజలకు రంగు వేసి తేలుడు బెండ్లుగా అంటించండి. చెట్లకు తీగ ఎక్కడా కొనకండి. బోరు మోటార్లు కాలిపోవడం మన దగ్గర మామూలే కదా, వైండింగ్ షాపులో పాత రాగి తీగ తూకానికి ఇస్తారు, నాలుగైదు పోగులు మెలిపెడితే కొబ్బరి మాను, ఆకులకు కాగితం మధ్యలో మడిచి రెండు వైపులా కత్తెరతో సన్నగా గాట్లు పెట్టండి. మానును సముద్రం వైపు కొంచెం వాలనివ్వండి.

అయ్యాక అద్దం గానీ ఆక్రిలిక్ షీటు గానీ పెట్టి మూత చేయండి, దుమ్ము పట్టిన వార్నిష్ తుడవడం సాధ్యం కాదు. నేరుగా ఎండ తగిలే కిటికీ పక్కన వద్దు, రెజిన్ పసుపు తిరుగుతుంది. మిద్దె మీది గదిలో వేసవిలో అస్సలు వద్దు, ఎక్కడికైనా తీసుకెళ్తే మే నెలలో మూసిన కారులో వదలకండి, ఎపాక్సీ ఆ వేడికి మెత్తబడి అంచులు వంగుతాయి.

45 బై 30 పలక ముట్టుకునే ముందు 15 సెం.మీ. చదరం ముక్క ఒకటి తీసుకుని ఒక్క తడి అంచు మాత్రమే చేయండి, పడవలు, చెట్లు, బండలు ఏవీ లేకుండా. ఒక వారాంతం పని. అది పూర్తయ్యాక ఫోటో పెట్టండి, మైపాడులో మీరు తీసిన ఫోటో కూడా పక్కనే పెట్టండి, రెండూ చూసి రంగులు ఎక్కడ మార్చాలో చెప్తాను.